ఈస్టర్ గుడ్లలో ఏం పెట్టాలి? చెన్నై ఎండకు కరగని, చీమలు పట్టని బుట్ట

ఈస్టర్ నాడు తెరిచి మూసే గుడ్లలో చిన్న చిన్న బహుమతులు పెట్టి దాస్తాం, పిల్లలు వాటిని వెతికి బుట్టలో ఏరుకుంటారు. ఆ ఆట కోసం ఉగాది అటూ ఇటూగా నా ఫోన్‌కి మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, గుడ్లలో ఏం పెట్టాలి?" "అక్కా, ఆ రంగు గుడ్లు ఎక్కడ దొరుకుతాయి?" "మా వాడికి రెండేళ్ళే, వాడికేం పెట్టను?" పోయినేడు ఒకే జవాబు పదకొండు మందికి టైప్ చేశాను. అందుకే ఈసారి అంతా ఒకచోట రాసిపెడుతున్నా. ఎవరడిగినా ఇదే పంపిస్తా.

మేముండేది పెరంబూరు దగ్గర. సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు నాదే. రెండేళ్ళ వాళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళ వరకు ఇరవై మందికి పైనే ఉంటారు. వాళ్ళు కాక మా అపార్ట్‌మెంట్ పిల్లలు. వాళ్ళకి పండుగ ఎవరిదన్నది పట్టదు, గుడ్లు దాస్తున్నారని తెలిస్తే చాలు, అందరూ దిగిపోతారు.

నేను మొదటి ఏడాది చేసిన ఘనకార్యం ముందు చెప్పాలి. రంగు కాగితం చుట్టిన చాక్లెట్ గుడ్లు కొని, తొమ్మిదింటికి మేడ మీద పూలకుండీల మధ్య దాచాను. ఆరాధన నుంచి వచ్చి, టిఫిన్లు ముగించి, పిల్లల్ని పైకి తీసుకెళ్ళేసరికి పదీ ఇరవై. కాగితం విప్పితే లోపల గుడ్డు లేదు, పాయసం ఉంది. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీలకు కరిగిపోతుంది, మిల్క్ చాక్లెట్ అంతకంటే ముందే మెత్తబడుతుంది. ఏప్రిల్‌లో మన మేడ మీద కాలు పెట్టలేం, చాక్లెట్ ఎక్కడ నిలుస్తుంది! ఇంటర్నెట్‌లో కనిపించే అందమైన బుట్టలన్నీ చలిదేశాల బుట్టలు. వాటిని చూసి ముచ్చటపడండి, కొనే ముందు మాత్రం మన ఎండనీ మన చీమల్నీ గుర్తు తెచ్చుకోండి.

తేదీ కూడా చూసుకోండి. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఏ ఆదివారమైనా రావచ్చు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. పరీక్షల మధ్యలో వస్తే పెద్ద పిల్లల తల్లులు సాయానికి రారు. పని పది రోజుల ముందే మొదలుపెట్టుకోవాలి.

కావలసినవి (ఒక్కో పిల్లకి)

- ఒక బుట్ట. పండుగ అయ్యాక కూడా ఇంట్లో వాడుకునేది అయితే మంచిది
- తెరిచి మూసే ప్లాస్టిక్ గుడ్లు ఎనిమిది నుంచి పది
- గోధుమలు రెండు గుప్పెళ్ళు, కొబ్బరి పొట్టు కొంచెం (బుట్టలో గడ్డి కోసం)
- గుడ్లలోకి బొమ్మలు, చీటీలు, తినేవి (కింద వివరంగా చెప్తాను)
- సెల్లో టేపు, చిన్న జిప్ కవర్లు, మార్కర్ పెన్ను
- ఒక నోటు పుస్తకం. దీన్ని మర్చిపోయినవాళ్ళే తర్వాత నాకు ఫోన్ చేస్తారు

1. ముందు పిల్లల లెక్క, వయసుల లెక్క

పేరు, వయసు, పడని తిండి. ఈ మూడూ రాసుకోండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలు ఉంటారు. తల్లిని అడగకుండా ఏ తిండీ గుడ్డులో పెట్టకండి.

ఒక్కో పిల్లకి ఒక్కో రంగు కేటాయించండి. పచ్చవి కీర్తనవి, ఎర్రవి జోయెల్‌వి, అలా. ఎవరి రంగు వాళ్ళే ఏరుకోవాలి. ఈ ఒక్క నియమంతో సగం ఏడుపులు తగ్గుతాయి. లేదంటే ఎనిమిదేళ్ళవాడు ముప్పై గుడ్లు జేబుల్లో కుక్కుకుంటాడు, మూడేళ్ళది ఒక్క గుడ్డు పట్టుకుని నోరు తెరిచి నిలబడుతుంది. పిల్లలు ఎక్కువై రంగులు చాలకపోతే గుడ్ల మీద మార్కర్‌తో చుక్క, గీత, నక్షత్రం వేయండి.

2. బుట్ట

తాటాకు బుట్టలు మనకి తేలిగ్గా దొరుకుతాయి, ఈస్టర్‌కి వాటిని మించినవి లేవు. మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) గుడి నుంచి, అంటే చర్చి నుంచి, తెచ్చుకున్న మట్టను సన్నగా చీల్చి పిడికి చుట్టండి, బుట్ట అందమే మారిపోతుంది. మేదర బుట్ట అయితే లోపలా బయటా అరచేత్తో ఒకసారి నిమరండి. పేళ్ళు గుచ్చుకుంటే అక్కడ గుడ్డ అతికించండి.

ఇంకా సులువు కావాలంటే మన ఇళ్ళలో కూరగాయలకి పట్టుకెళ్ళే వైరు బుట్టల్లో చిన్నది. లేదా ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్టు. ఆ సాయంత్రం బీచ్‌కి వెళ్తే అదే పనికొస్తుంది. రెండేళ్ళ లోపు వాళ్ళకి పొడవాటి పిడి ఉన్నవి వద్దు, తల దూర్చేస్తారు.

3. బుట్టలో గడ్డి: తొమ్మిది రోజుల ముందు

గుడ్ల కింద పరిచే రంగురంగుల ప్లాస్టిక్ పీలికలు నాకు అస్సలు నచ్చవు. పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, మిగిలినవి నెల తర్వాత కూడా సోఫా కింద తగులుతుంటాయి. దానికి బదులు నిజం గడ్డే పెంచండి. పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం చూసే ఉంటారుగా, ఇదీ అంతే.

మట్టల ఆదివారానికి ముందు వచ్చే శుక్రవారం రాత్రి గోధుమలు నానబెట్టండి. శనివారం పొద్దున నీళ్ళు వంపేసి తడిగుడ్డలో మూట కట్టండి. ఆదివారానికి తెల్లటి మొనలు కనిపిస్తాయి. బుట్ట లోపల పాలిథిన్ కవరు పరిచి, రెండు అంగుళాల మందాన తడి కొబ్బరి పొట్టు వేసి, మొలకల్ని ఒత్తుగా చల్లండి. పైన మట్టి కప్పక్కర్లేదు. ఒక రోజంతా న్యూస్ పేపరు కప్పి ఉంచండి, తర్వాత తీసేసి కిటికీ దగ్గర పెట్టండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేత్తో నీళ్ళు చిలకరించండి. ఈస్టర్ నాటికి జానెడు కాకపోయినా బెత్తెడు గడ్డి ఖాయం.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే, నీళ్ళు ఎక్కువ పోయడం. కింద కవరు ఉంది కదా, నీళ్ళు ఎటూ పోవు. మూడో రోజుకి పులిసిన వాసన వస్తుంది. వేలు గుచ్చి చూడండి. వేలికి తడి తగలాలి, నీరు అంటకూడదు.

ఇంకో భయం కూడా చాలామందికి ఉంది. రెండో రోజు మొలకల వేర్ల దగ్గర తెల్లగా నూగులా కనిపిస్తుంది. బూజు అనుకుని పారేశామని పోయినేడు ఇద్దరు చెప్పారు. పారేసేముందు నీళ్ళు చల్లి చూడండి. నూగు అణిగిపోయి మాయమైతే అది వేరు వెంట్రుకలే, ఏం కాదు. సాలెగూడులా గింజల మీద సాగి, నీళ్ళు చల్లినా అలాగే ఉంటే అప్పుడు బూజు. ఆ మేరకు తీసేసి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి.

టైం లేదా? పాత చీర అంచులు, టైలర్ దగ్గర మిగిలిన గుడ్డ ముక్కలు పరిచేయండి. లేదా మెంతులు వేయండి, నాలుగైదు రోజుల్లో పచ్చగా వచ్చేస్తాయి, గోధుమ గడ్డి అంత ఎత్తు రావు, అంతే.

4. గుడ్లు కొనడం

ప్యారిస్ కార్నర్ వెనకాల సందుల్లో, సౌకార్‌పేట ఫ్యాన్సీ కొట్లలో డజన్ల లెక్కన దొరుకుతాయి. మెట్రోలో హైకోర్టు స్టేషన్‌లోనో మన్నడిలోనో దిగితే నడకే. ఆదివారం చాలా హోల్‌సేల్ కొట్లు మూసి ఉంటాయి, శనివారం లోపు వెళ్ళండి. రంగు కాగితాలు, చార్టులు కావాలంటే అక్కడే ఆండర్సన్ స్ట్రీట్. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే బొమ్మ చూసి మోసపోకండి, కొలతలు చదవండి. ఆరు సెంటీమీటర్ల పొడవుకి తక్కువైతే లోపల ఏమీ పట్టదు.

రెండు సగాలూ ఒక పక్క పట్టీతో అతుక్కుని ఉన్నవి తీసుకోండి. విడివిడి సగాలైతే ఆట అయ్యేసరికి సగానికి సగం జత తప్పుతాయి.

ఇంటికి తెచ్చాక ఒక గుడ్డుని వెలుతురుకి ఎత్తి కొనల దగ్గర చూడండి. చాలా గుడ్లకి సన్నటి చిల్లులుంటాయి. చీమలకి అవే గుమ్మాలు. తినేవి పెట్టబోయే గుడ్లకి లోపలి వైపు నుంచి చిన్న టేపు ముక్క వేయండి. ఈ సంగతి నాకు రెండో ఏడాది చీమలే నేర్పాయి.

ప్లాస్టిక్ వద్దనుకునేవాళ్ళు చిన్న గుడ్డ సంచులు కుట్టొచ్చు, పాత కుర్తా చేతులు ఒక్కోదానికి రెండు సంచులొస్తాయి. కోడిగుడ్డు పెంకునే ఖాళీ చేసి వాడటం కూడా ఉంది కానీ అది చిన్నపిల్లల చేతికి కాదు, అలంకారానికే.

5. లోపల ఏం పెట్టాలి

నా కొలమానం ఒకటే. గుడ్డు తెరిచిన ఐదు నిమిషాల తర్వాత కూడా ఆ వస్తువు పిల్ల చేతిలోనే ఉందా? ఉంటే మంచిది పెట్టినట్టు. కొట్లలో "గుడ్డు ఫిల్లర్లు" అని అమ్మే పొట్లాల్లో విజిల్, ఉంగరం, బొంగరం లాంటివి ఉంటాయి. సాయంత్రానికి అవి చెత్తబుట్టలో ఉంటాయి.

*మూడేళ్ళ లోపు:* ఇక్కడ మాత్రం ఎవరి మాటా వినకండి. గొంతులో ఇరుక్కునేవి ఏవీ వద్దు. ఆట వస్తువుల పరీక్షలో 3.17 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం వాడతారు. అందులో పట్టేసిన వస్తువు మూడేళ్ళ లోపు పిల్లలకి పనికిరాదు. ఇంట్లో చార్టు పేపరుని నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంగా చుట్టి అతికించుకోండి. వస్తువు అందులోంచి జారిపోతే పక్కన పెట్టేయండి. అంటే ఇంచుమించు చిన్న గుడ్డులో పట్టే గట్టి వస్తువులన్నీ పక్కకి పోతాయి. మరేం పెట్టాలి? గుడ్డ. అడుగు కొలతతో నాలుగు పలకలుగా కత్తిరించిన పల్చటి చున్నీ ముక్క, అంచులు కుట్టి, గుడ్డులో కుక్కండి. కొస ఒకటి కొంచెం బయటికి ఉంచండి. పిల్ల ఆ కొస పట్టుకుని లాగుతుంటే గుడ్డ వస్తూనే ఉంటుంది. మా చెల్లెలి కూతురు ఏడాదిన్నరప్పుడు దాన్ని లాగడం, మళ్ళీ నా చేతికిచ్చి కుక్కమనడం, ఇదే గంటసేపు. మిగతా గుడ్లన్నీ అలాగే పడి ఉన్నాయి. కొత్త సాక్సులు కూడా బాగుంటాయి, గుడ్డుకి ఒకటి, జత ఇంకో గుడ్డులో. ఏడాది లోపు పిల్లలకి అసలు గుడ్లే వద్దు, బుట్టలో అట్టపుస్తకం, స్టీలు గ్లాసు, చెక్క గరిటె పెట్టండి.

*మూడు నుంచి ఐదు:* ఒక సెట్టుని విడగొట్టి గుడ్లలో పంచడం నాకు తెలిసిన అన్నిటికంటే మంచి ఉపాయం. లక్కపిడతలు తీసుకోండి. మైలాపూరు మాడవీధుల్లో "చొప్పు సామాను" అని అడిగితే ఇస్తారు. ఒక గుడ్డులో పొయ్యి, ఇంకోదాంట్లో బాణలి, ఇంకోదాంట్లో గరిటె, రోలు ఒకచోట, పొత్రం ఇంకోచోట. పిల్ల ఒక్కోటి తెరిచి "ఇదేంటమ్మా?" అంటుంది, నాలుగో గుడ్డుకి వంటిల్లని తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆపడం మీ వల్ల కాదు. కొనేటప్పుడు ఖాళీ గుడ్డు ఒకటి వెంట తీసుకెళ్ళండి. పెట్టి చూసి కొనండి. కడవ, బిందె తరచుగా పట్టవు, వాటిని బుట్టలో గడ్డి మీద పెట్టండి. మూడేళ్ళ లోపు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే మాత్రం గరిటెల్లాంటి చిన్నవి తీసేయండి.

ఇలాగే పన్నెండు ముక్కల పజిల్, గుడ్డుకి ఒక ముక్క. లేదా పిండి బంకమట్టి. మైదా ఒక కప్పు, ఉప్పు అర కప్పు, నూనె ఒక పెద్ద చెంచా, గోరువెచ్చని నీళ్ళు అర కప్పు లోపే, కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలపండి. నాలుగు భాగాలు చేసి నాలుగు ఫుడ్ కలర్లు. ఒక్కో గుడ్డులో ఒక్కో ఉండ. చెన్నై గాలిలో తేమకి ఉప్పు చెమర్చి ఉండ జిగురవుతుంది. అందుకే రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కూడా కలపండి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టండి, శనివారం రాత్రి చేయండి, అంతకు ముందు వద్దు. అంత ఉప్పు ఉంది కాబట్టి తినే అలవాటున్న పిల్లకి ఇవ్వకండి, కుక్క ఉన్న ఇంట్లో కింద పడెయ్యకండి.

*ఐదు దాటినవాళ్ళు:* వీళ్ళకి వస్తువుల కంటే చీటీలే ఇష్టం, నమ్మండి. ఒక గుడ్డులో చీటీ, "రెండోది అమ్మమ్మ చెప్పులు పెట్టే చోట." అక్కడ ఇంకో గుడ్డు, ఇంకో చీటీ. చదవడం రానివాళ్ళకి బొమ్మ గీయండి. బహుమతి చీటీలూ రాయొచ్చు: "ఈ రాత్రి ఒక కథ ఎక్కువ", "బెసెంట్ నగర్ బీచ్‌లో సుండల్", "వండలూరు జూ". జూకి మంగళవారం సెలవు, చీటీ మీద వారం రాసేముందు చూసుకోండి. తారీఖు వేయకుండా చీటీ ఇవ్వడం తల్లిదండ్రులు చేసే పెద్ద తప్పు. మా వాడు "జూ" చీటీని పెన్సిల్ డబ్బాలో జూలై దాకా దాచుకుని రోజూ చూపించాడు. తీసుకెళ్ళలేనిది రాయకండి.

విత్తనాలు కూడా పెట్టొచ్చు: మెంతులు, పెసలు, తోటకూర గింజలు, చిన్న జిప్ కవర్లో. ముక్కులో చెవిలో పెట్టుకునే వయసు దాటిందని మీకు నమ్మకం ఉంటేనే.

*కథ గుడ్లు:* సండే స్కూల్లో చేసేవాళ్ళకి ఇది. యేసు సిలువ, పునరుత్థానం కథని ఒక్కో గుడ్డు తెరుస్తూ వరసగా చెప్పడం. పన్నెండు గుడ్లకి నంబర్లు వేయండి. 1 కాగితంతో చేసిన గాడిద, 2 మూడు నాణేలు (కథలో ముప్పై), 3 లక్కపిడతల్లోంచి ఒక గిన్నె, 4 తాడు ముక్క, 5 కాగితప్పూల చెట్టు ముల్లు, మొన తుంచి, 6 పుల్లలతో సిలువ, 7 అట్టతో కత్తిరించిన మేకు, 8 పాచిక, 9 స్పాంజి ముక్క, 10 లవంగాలు చుట్టిన తెల్లగుడ్డ, 11 గులకరాయి, 12 ఖాళీ. సమాధి ఖాళీ కాబట్టి ఆ గుడ్డూ ఖాళీ.

నంబర్లు వేయకుండా చేస్తే ఏమవుతుందో నేను చూశాను. నాలుగేళ్ళ పిల్లకి ముందే పన్నెండోది దొరికింది. తెరిచింది, అటూ ఇటూ తిప్పింది, "నాకేమీ లేదు" అని బావురుమంది. పునరుత్థానం గురించి నేనేం చెప్పినా ఎక్కలేదు. అప్పటి నుంచి మా దగ్గర ఒక పద్ధతి పెట్టాను. ఖాళీ గుడ్డు ఎవరికి దొరికితే వాళ్ళే గంట కొట్టాలి. ఇప్పుడు ఆ గుడ్డు కోసమే కొట్టుకుంటారు.

ఎంత ముద్దొచ్చినా పెట్టకూడనివి

గుండీ బ్యాటరీ ఉన్న మెరిసే బొమ్మలు, పాడే బొమ్మలు. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నీళ్ళలో ఉబ్బే రంగు పూసలు, కడుపులో కూడా ఉబ్బుతాయి. చిన్న అయస్కాంతాలు. ఊదని బెలూన్లు.

6. తినేవి

చాక్లెట్ లేకుండా ఈస్టర్ ఏంటని పిల్లలు అడుగుతారు, న్యాయమే. దీనికి టోకెన్ పెట్టండి. గుడ్డులో రంగు అట్టముక్క, దాని మీద ఒక నక్షత్రం. ఆట అయ్యాక నక్షత్రం చూపించినవాళ్ళకి ఫ్రిజ్‌లోంచి చాక్లెట్. కరగడం లేదు, చీమలు లేవు, ఎవరెన్ని తిన్నారో లెక్క కూడా మీ చేతిలోనే. చాక్లెట్‌ని ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలోనే పెట్టండి. తీసిన వెంటనే మూత తెరిస్తే తేమ పట్టి చెమర్చుతుంది, పది నిమిషాలు ఆగి తెరవండి.

గుడ్డులోనే తినేది ఉండాలంటే బెల్లం గవ్వలు. మన ఇంటి పిండివంటే, గుడ్డులో చక్కగా పడతాయి, ఎండకి ఏమీ కావు. పాకం ఆరి, చేతికి అంటకుండా ఉన్నప్పుడే జిప్ కవర్లో వేయండి. మరమరాల ఉండలు చిన్నవిగా చుట్టినా సరే. జెమ్స్ లాంటి చక్కెర పూత బిళ్ళలు మామూలు చాక్లెట్ కంటే ఎండకి ఆగుతాయి. నాలుగేళ్ళ లోపు వాళ్ళకి జెమ్స్, వేరుశనగలు, కమర్‌కట్టు, పాప్‌కార్న్, కోయని ద్రాక్ష ఏవీ వద్దు. గొంతులో అడ్డుపడే వాటిలో ఇవే ముందుంటాయి.

బేకరీలో అమ్మే మార్జిపాన్ గుడ్లు మన దగ్గర చాలావరకు జీడిపప్పుతోనే చేస్తారు. కాజూ కత్లీ చేయడం వస్తే మీకు ఇవీ వచ్చినట్టే. జీడిపప్పు పొడి 200 గ్రాములు, చక్కెర 100 గ్రాములు, నీళ్ళు 50 మిల్లీలీటర్లు. తీగపాకం రాగానే పొడి వేసి, ముద్ద గిన్నె అంచులు వదిలే దాకా తిప్పి, గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్లలా చుట్టండి. చల్లారాక చుడితే పగుళ్ళొస్తాయి. పగిలితే కంగారొద్దు, చేతికి చెంచాడు పాలు తడి చేసుకుని మళ్ళీ పిసకండి.

ఉడికించిన కోడిగుడ్లకి రంగు వేయాలంటే నామక్కల్ నుంచి వచ్చే తెల్ల గుడ్లే మేలు, నాటుగుడ్ల మీద రంగు తేలదు. పది పన్నెండు నిమిషాలు ఉడికించి చల్లార్చండి. కప్పు నీళ్ళలో పసుపు వేసి మరిగించి, వడగట్టి, ఒక పెద్ద చెంచా వెనిగర్ వేసి గుడ్డు ముంచండి. ఉల్లిపొట్టుతో ఇటుక రంగు, బీట్‌రూట్‌తో గులాబీ. వీటిని తోటలో దాచకండి. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకి మించి ఉంచిన ఉడికించిన గుడ్డు తినకూడదు. బల్ల మీద పెట్టి, చూసి, ఒలిచి, తినేయండి.

7. మూసి, పరీక్షించండి

నింపిన ప్రతి గుడ్డునీ ఊపి చూడండి. చప్పుడు రావాలి, లేకపోతే పిల్లలకి తెరవాలన్న ఆత్రం ఉండదు. గుడ్డ, చీటీ పెట్టినవాటికి చప్పుడు రాదు, ఫర్వాలేదు. మోకాలి ఎత్తు నుంచి నేల మీద పడేయండి. తెరుచుకుంటే నడుం చుట్టూ టేపు, ఒక చుట్టు చాలు, కొస మడిచి ఉంచండి. రెండు చుట్లు వేస్తే మూడేళ్ళ పిల్ల తెరవలేక నోటితో కొరుకుతుంది.

ఇంకో పరీక్ష ఎవరూ చేయరు. మీరు చేయండి. శనివారం, రేపు ఆట ఆడే టైంకే, తినేది పెట్టిన ఒక గుడ్డుని రేపు దాచబోయే చోట అరగంట ఉంచండి. తెరిచి చూడండి. కరిగిందా, చెమర్చిందా, చీమ వచ్చిందా? వస్తే చోటో తిండో మార్చండి.

8. దాచడం, నోటు పుస్తకం

పొద్దున సూర్యోదయ ఆరాధనకి వెళ్ళొచ్చేవాళ్ళు ఏడున్నర లోపు ఆట పెట్టుకోండి, లేదా సాయంత్రం ఐదున్నరకి. మధ్యలో వద్దు. మూడేళ్ళవాళ్ళవి కంటికి కనిపించేలా, వాళ్ళ ఎత్తులోనే పెట్టండి. పెద్దవాళ్ళవి కిటికీ గ్రిల్లు వెనక, తిరగేసిన బకెట్టు కింద. స్విచ్ బోర్డుల దగ్గర, మోటారు గదిలో, సంపు మూత మీద, మెట్ల అంచున దాచకండి.

దాస్తూనే నోటు పుస్తకంలో రాసుకోండి: "ఎరుపు 6, తులసి కుండీ వెనక." గుర్తుంటుందిలే అనుకోకండి. ఒక ఏడాది అరవై గుడ్లు దాచి యాభై తొమ్మిది లెక్కపెట్టి సర్దుకున్నాం. అరవయ్యోది దీపావళికి ఇల్లు కడుగుతుంటే వాటర్ ట్యాంకు పైపు వెనక దొరికింది. అందులో గవ్వలు లేవు, చీమల గూడు ఉంది. మా అత్తయ్య చీపురు పుల్లతో ఎత్తి చూపించి, "ఇది కూడా ఈస్టరేనా అమ్మా?" అంది.

ఎక్కువమంది అడిగేవి

"గుడ్లే దొరకలేదు, పండుగ రేపే." కాగితపు కప్పులు రెండు, మూతులు కలిపి టేపు వేయండి. గుడ్డులా ఉండదు, కానీ ఊపితే చప్పుడొస్తుంది, పిల్లలకి అది చాలు.

"కిండర్ జాయ్ ఖాళీ పెంకులు వాడొచ్చా?" వాడొచ్చు. మూత దానంతటది పట్టదు, టేపు తప్పదు. కడిగి, బాగా ఆరబెట్టండి, లోపలి క్రీము వాసన పోయే వరకు.

"ఒక్క పిల్లే ఉంది, ఎవరితో ఆడుతుంది?" మీరు కూడా ఏరండి. సగం గుడ్లు పిల్ల చేతనే దాయించండి. తను దాచినవి తనే మీకు చూపించేస్తుంది, అదంతా ఆటలో భాగమే.

"గుడిలో డెబ్బై మంది పిల్లలు." ఒక్కొక్కరికి మూడే గుడ్లు. ఒకటి తినేది, ఒకటి చీటీ, ఒకటి ఆడుకునేది. వయసులవారీగా మూడు చోట్ల, మూడు తాళ్ళు కట్టి. చిన్నవాళ్ళని ఐదు నిమిషాల ముందు వదలండి.

9. అయ్యాక

ద్వారం దగ్గర ఖాళీ పెంకుల కోసం ఒక గంప పెట్టండి. పెంకులు గంపలో వేసినవాళ్ళకే టోకెన్‌కి చాక్లెట్. అన్నీ తిరిగొస్తాయి. సబ్బునీళ్ళలో కడిగి, తెరిచి, నీడలో ఆరబెట్టి, నాలుగు లవంగాలు వేసిన డబ్బాలో పెట్టండి. నావి నాలుగో ఏడు నడుస్తున్నాయి.

బుట్టలో గడ్డి పారేయకండి. కత్తెర పిల్లకే ఇచ్చి, పక్కనే కూర్చుని, రెండు వేళ్ళ ఎత్తు వదిలి కోయించండి. నీళ్ళు చిలకరిస్తే వారంలో ఇంకోసారి పెరుగుతుంది, ఈసారి కాస్త పల్చగా.